ఆరిపోయే గుణం

టెరెటోంగా ట్రాక్ మీద గాలికి అడ్డం ఏదీ లేదు.
ఇసుక దిబ్బలు, అవతల సముద్రం, ఆ పైన మంచు ఖండం.
పద్దెనిమిదేళ్ళుగా నాలుగో మలుపు నాది.
ఒక చీపురు, ఒక బకెట్ సిమెంటు పొడి,
పసుపు మీద ఎర్ర చారల జెండా ఒకటి.
"ఇవాళ రేసు ఎలా ఉంది, నైరీ?" అంటారు ఇంటికెళ్ళే జనం.
నాకేం తెలుసు, నేను చూసేది రోడ్డుని.

పొద్దున్నే రావిరి ఒక డబ్బా పట్టుకొచ్చాడు
పసిపిల్లని ఎత్తుకున్నట్టు.
నీళ్ళు లేని కూలెంటట.
నూట ఎనభై డిగ్రీలైనా మరగదట.
మూత తీస్తే మొహాన ఆవిరి కొట్టదట.
తుప్పు పట్టనివ్వదు, చలికి గడ్డకట్టదు,
ఒక్కసారి పోస్తే బండి ఉన్నన్నాళ్ళూ ఉంటుందట.
పాలషెడ్డులో మూడు రోజుల జీతం ఆ డబ్బాలో ఉంది.

అన్నీ నిజమే కావచ్చు.
ముప్పై ఏళ్ళు బేకరీలో చేశాను నేను,
పాకం సంగతి తెలుసు, నీళ్ళ సంగతీ తెలుసు.
వేడి మోయడంలో నీళ్ళంత కూలి ఇంకెవరున్నారు?
సిలిండర్ దగ్గర ఎత్తుకుని
రేడియేటర్ దగ్గర దించి
మళ్ళీ పరుగున వచ్చి భుజం పెడతాయి.
కోపమొక్కటే, వందకే పొంగుతాయి.
మూత బిగించి ఒత్తిడి పెడితే ఇంకాస్త ఓర్చుకుంటాయి.
నీ డబ్బాలోది నిదానం మనిషి, రావిరీ,
ఎంత కాలినా నోరెత్తడు,
కానీ తక్కువ మోస్తాడు, మెల్లగా నడుస్తాడు.

నా మాట ఎవరు వింటారు.

తనిఖీ షెడ్డులో ఫర్గస్ ముసలాయన
రేడియేటర్లో వేలు ముంచి
బొటనవేలితో రుద్ది చూస్తాడు,
కొన్న బట్ట నాణ్యం చూసినట్టు.
"ఇందులో ఏం పోశావు బాబూ?"
రావిరి నీళ్ళు నమిలాడు.
బండిలో చుక్క లేదు గానీ
నోటి నిండా అవే.

ఇక్కడ నీళ్ళే పోయాలి. అది రూలు.
ఎందుకో నాకు తెలుసు.
కిందటేడు మార్చిలో ఎవరిదో గొట్టం పగిలి
నా మలుపు మీద ఆకుపచ్చగా గ్లైకాల్ కారింది.
ఎండలో అది మెరవలేదు కూడా.
వెనకొచ్చిన ఐల్సా
మోకాలు నేలకి ఆనించి మలుపు తిరిగింది,
తిరుగుతూనే ఉంది,
గడ్డి దాటి, టైర్ల గోడ దాకా.
ఇప్పటికీ మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతుంది.
ఆ రోజు నలభై నిమిషాలు ఊడ్చాను.
సిమెంటు చల్లాను, సబ్బు పోశాను, బూటుతో రుద్దాను.
బూటు జారుతూనే ఉంది.

రావిరి డబ్బా ఖాళీ చేయలేదు,
రేడియేటర్‌ని ఖాళీ చేశాడు.
గరాటుతో వడకట్టి మళ్ళీ డబ్బాలో నింపుకుని
కుళాయి కింద బండిని కడిగి, కడిగి,
ఆశ మీద నీళ్ళు చల్లుకున్న మొహంతో
చివరికి నీళ్ళే పోశాడు.

ఆరో ల్యాపులో మూడో స్థానంలో ఉన్నాడు.
నా మలుపులోకి వస్తుండగానే
బండి పొట్టలోంచి తెల్లగా ఆవిరి.
చెయ్యెత్తి గడ్డిలోకి దిగిపోయాడు.
"చెప్పానా! అదే పోసుంటే మరిగేది కాదు!"
హెల్మెట్ లోంచి ఇంకా ఏవో అన్నాడు, అవి రాయను.
అతనన్నది నిజమేనేమో.
నేను చారల జెండా చూపిస్తున్నాను.
రోడ్డు మీద ఒక పొడుగాటి మడుగు,
చీపురు చేతిలో తయారుగా ఉంది.

తర్వాతి నలుగురూ జెండా చూసి
వేగం తగ్గించి తడి మీంచే వెళ్ళారు,
ఎవరి టైరూ తడబడలేదు.
ఇంకో ల్యాపుకి అది మరక.
సముద్రం వైపు నుంచి గాలి లేచింది.
ఆ పై ల్యాపుకి మరక ఎక్కడో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.
పొడి బకెట్ మూత తీయనే లేదు.

రావిరి వచ్చి టైర్ల మీద కూర్చున్నాడు.
"పాలషెడ్డుకి వెళ్ళే బండిలో పోసుకో," అన్నాను,
"జూలై మంచులో నీకే పనికొస్తుంది."
పలకలేదు. రోడ్డు చూస్తున్నాడు.
ఐల్సా పడిన చోటు ఏదని అడిగాడు కాసేపటికి.
వేలితో చూపించాను.

ఫ్లాస్కులో టీ ఉంటే మూతలో పోసిచ్చాను.
పొగలు కక్కుతోంది.
రెండు చేతులా పట్టుకుని
ఊదుకుంటూ, ఊదుకుంటూ తాగాడు.